గూడును పిట్టగోడయు

ధ్యాన భాగము: ద్వితీయోపదేశకాండము 22:6–8

పక్షిగూడు కనబడినప్పుడు పిల్లలతోకూడ తల్లిని పట్టుకొనరాదనియు, తల్లిని విడిచిపెట్టవలెననియు మోషే ధర్మశాస్త్రములో ఒక ఆజ్ఞ యున్నది. క్రొత్త యిల్లు కట్టువాడు మిద్దెచుట్టు పిట్టగోడ పెట్టవలెననునది దాని వెంటనే వచ్చు ఆజ్ఞ. పిట్టగోడ లేక ఎవరైనను పడినయెడల ఆ దోషము ఇంటివానిదే. మొదటిది నోరులేని జీవిపై కనికరము. రెండవది మన యింటికి వచ్చు మనుష్యుని క్షేమము. ఈ రెండును ప్రక్కప్రక్కనే యెందుకున్నవో చాలకాలము మేము ఆలోచింపలేదు. ఒక కందిరీగల గూడు దానిని మాకు నేర్పినది.

నల్లకుంటలో మా యింటి పెరటివైపు, వంటగది కిటికీపైని సజ్జక్రింద ఆ గూడు మొదలైనది. మొదట అది రూపాయి బిళ్ళంత యుండెను. సన్నని కాడనుండి వ్రేలాడుచు బూడిదరంగు కాగితముతో చేసినట్లుండెను. నిజముగా అది కాగితమే. ఎండిన కొయ్యను గీకి, నమిలి, ఉమ్మితో కలిపి కందిరీగ దానిని కట్టుకొనును. మేము చూచితిమి. దాని జోలికి మనము పోకున్న అది మన జోలికి రాదని ఊరకుంటిమి. ఆ మాటలో కొంత నిజమున్నందున మా సోమరితనమునకు కనికరమని పేరు పెట్టుకొనుట సులభమాయెను. కొన్ని నెలలకు గూడు అరచేతిని మించెను.

ఒకనాటి ఉదయము అంట్లు తోమ వచ్చు అమ్మ బూజుకఱ్ఱ ఎత్తగా అది గూటికి తగిలెను. కందిరీగలు ఆమెను కనురెప్పమీదను మెడమీదను కుట్టినవి. ముఖము వాచి కన్ను మూసుకొనిపోయెను. ప్రాణభయము కలుగలేదు గాని నాలుగు దినములు ఆమె ఏ యింటికిని పనికి పోలేకపోయెను. "మీరు సూసే ఉంటరు గదా అయ్యా, అందుకే నేను చెప్పలే" అని ఆమె అన్నది. మేము చూచియే యుంటిమి. ఆ నాలుగు దినముల కూలి ఇచ్చితిమి; అది ఆమె నష్టమును తీర్చెను గాని మా దోషమును తీర్చలేదు.

ఆ సాయంకాలమే కోపముతో కఱ్ఱకు గుడ్డలు చుట్టి, వెలిగించి, గూటిని కాల్చితిమి. తెల్లని పిల్లపురుగులు కాలి నేలరాలెను. పిట్టగోడ కట్టని దోషమును, గూటిపై కనికరము లేని దోషమును ఒక్క దినములోనే మూటకట్టుకొంటిమి.

పిట్టగోడ ఎవరికొరకు? మిద్దె అంచు ఎక్కడున్నదో ఇంటివానికి తెలియును, తెలియనివాడు వచ్చిపోవువాడు. ముందుగదిలో కూర్చున్న మనలను కందిరీగ కుట్టుట అరుదు. పెరటిదారిని వచ్చు పనిమనిషి, గ్యాసుబండ మోయువాడు, మీటరు చూచువాడు, బంతికై పరుగెత్తు పిల్లవాడు — వీరికే ఆపద. మన ఉపేక్షకు వెల మరియొకరు చెల్లింతురు.

మరి కందిరీగ మనకు శత్రువా? నిర్గమకాండము 23వ అధ్యాయములోను యెహోషువ 24వ అధ్యాయములోను పెద్ద కందిరీగలు దేవుడు పంపిన సేనగా కనబడును గనుక వాటి ముల్లునే మనము జ్ఞాపకముంచుకొందుము. అయితే తోటలోని గొంగళిపురుగులను పట్టి, నమిలి, తన గూటి పిల్లలకు పెట్టునదియు కందిరీగయే. తార్నాకకును మన నల్లకుంటకును నడుమ ఉస్మానియా విశ్వవిద్యాలయపు చెట్లున్నవి. అట్టి చోట్ల దానికి చేయవలసిన పని చాల గలదు. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో రాఘవేంద్ర గదగ్‌కర్ గారు రోపాలిడియా మార్జినేటా అను మన దేశపు కందిరీగను దశాబ్దములు పరిశోధించి, 2001లో దానిపై ఒక గ్రంథము ప్రకటించిరి. ఆ గూటి రాణి తోటివారిని కొట్టి యేలునది కాదనియు, మిగుల సాధువనియు ఆయన కనుగొనిరి.

కావున చేయదగినది ఇది. పదునైదు దినములకొకసారి తల యెత్తి యింటిచుట్టు తిరుగవలెను. సజ్జలక్రింద, మెట్లక్రింద, మీటరు పెట్టెలో, ఏ.సి. పెట్టె వెనుక చూడవలెను. గోడల బీటలు పూడ్చి, కిటికీలకు జాలి బిగించి, చెత్తబుట్టకు మూత పెట్టవలెను. ఒకటి రెండు ఈగలతో గూడు అప్పుడే మొదలైనయెడల, మునిమాపువేళ నిండు చేతుల చొక్కా తొడిగి, పొడుగాటి కఱ్ఱతో దూరమునుండి రాల్చివేయవచ్చును. తల్లి యెగిరిపోయి వేరొకచోట కట్టుకొనును. తల్లిని విడిచిపెట్టుమన్న ఆజ్ఞ ఈ విధముగా నెరవేరును. కుట్టినప్పుడు ఒడలు దద్దురులెక్కు స్వభావము గలవారు ఈ పనికి పూనుకొనరాదు.

గూడు పెద్దదైనను, పెద్ద కందిరీగలదైనను మనము తాకరాదు. రాళ్ళు రువ్వరాదు, నిప్పు పెట్టరాదు. పని తెలిసినవారిని పిలిపించి, వారు వచ్చువరకు ఆ దారికి అడ్డు కట్టి, వచ్చిపోవు ప్రతివారికి చెప్పవలెను. కుట్టినపిమ్మట ఊపిరి ఆడకున్నను, నాలుక వాచినను, కండ్లు తిరిగినను క్షణము ఆలస్యము చేయక ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

గోటితో పోవుదానిని గొడ్డలిదాక తెచ్చువాడు చివరకు క్రూరుడు కాక తప్పదు. వేళకు చూచువానికి చంపవలసిన పని అంతగా ఉండదు. గూటిపై దయకును మనుష్యుని క్షేమమునకును వైరము లేదు; వైరము పెట్టునది మన ఆలస్యమే.

ఇప్పుడు మేము పెరటిలో తిరుగునప్పుడు ఆ అమ్మనుకూడ అడుగుచున్నాము: "ఏమైనా కనబడిందా అమ్మా?" ఆమె ఇప్పుడు చెప్పుచున్నది.