పాత జిగురు

మా అయ్య చెప్పులు కుట్టేవాడు. నేను సముద్రం మీద పరిగెత్తే బండికి కాళ్ల కింద మేట్ అతికిస్తాను. ఈ రెండు పనులకీ తేడా ఏటని నా చేతుల్నడిగితే ఏమీ లేదంటాయి. మనుషుల్నడిగితే చాలా ఉందంటారు. ఆ తేడా ఎక్కణ్ణించి వచ్చిందో తేల్చుకోడానికే ఇది రాస్తున్నాను.

మాది పద్మనాభం పక్కన ఓ పల్లె. 1794లో విజయనగరం రాజు చిన విజయరామరాజు కుంపిణీ సైన్యంతో పోరాడి చనిపోయిన పద్మనాభమే అది. ఆ కథ బళ్లో చదివాను. రాజు పేరుంది, దొర పేరుంది. ఆ గుర్రాలకి జీను కుట్టినవాడి పేరు లేదు. కొండ మీద అనంత పద్మనాభస్వామి. వెయ్యికి పైగా మెట్లు. ఎంతటివాడైనా చెప్పులు కిందే విడిచి ఎక్కాలి. దేవుడి దగ్గర అందరికీ ఒకటే రూలు, బాగానే ఉంది. కానీ మా ఊళ్లో పెద్దవీధి కూడా మాకు గుడే అయింది. మా అయ్య కుట్టిన చెప్పులు తొడుక్కుని కామందు అరుగు మీద కూచునేవాడు. మా అయ్య తన చెప్పులు చేత్తో పట్టుకుని ఆ అరుగు ముందు నుంచి నడిచేవాడు.

"నీ చెప్పులు నువ్వేసుకోవేటి అయ్యా?" అని చిన్నప్పుడడిగాను.

"ఏసుకుంటాన్రా, ఈది దాటాక" అన్నాడు.

1950లో రాజ్యాంగం అంటరానితనం రద్దు చేసింది. దళితుడు చెప్పులేసుకుని నలుగురిలో నడుస్తుంటే అడ్డుకోవడం నేరమని అత్యాచారాల నిరోధక చట్టంలో విడిగా రాయడానికి 2015 సవరణ దాకా పట్టింది. జరగనిదాని మీద ఎవరూ చట్టం రాయరు కదా!

అయ్య దగ్గర లంద చూశాను. తంగేడు చెక్క దంచాను. ఆరె, రంపె, గూటం పట్టడం నేర్చాను. తోలు పోయి రబ్బరు అట్టలు, సొల్యూషన్ డబ్బాలు వచ్చాక అవీ నేర్చాను. ఏడాదంతా కుట్టినదానికి కళ్లంలో ఆఖరున ఊడ్చిన గింజలు కొలిచేవారు. అది చూసే ఊరొదిలేశాను. రుషికొండ దారిలో రేకుల షెడ్డేసి బళ్ల సీట్లు కుట్టడం మొదలెట్టాను. అక్కడ నేను "సీట్ల మేస్త్రి"ని. కులం ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

రెండేళ్ల కిందట ఓ కుర్రాడు ట్రాలీ మీద జెట్‌స్కీ తెచ్చాడు. బీచిలో టూరిస్టుల్ని తిప్పేవి కూచుని నడిపేవి. ఇది నిలబడి నడిపేది. 1973లో కవాసాకి కంపెనీ మొదట అమ్మకానికి తెచ్చిన రకం ఇదే. దీనికి సీటుండదు. వెనకనున్న తొట్టిలాంటి జాగాలో నిలబడి, ముందు నుంచి లేచే బారుకున్న హేండిల్ పట్టుకోవాలి. తడి ఫైబరు మీద పాదం జారితే మనిషి నీళ్లలోనే. అందుకని ఆ తొట్టిలో గీతలు తీసిన నురుగు రబ్బరు మేట్ అతికిస్తారు. ట్రాక్షన్ టర్ఫ్ అంటారు దాన్ని. ఈ బండికి గీతలన్నీ అరిగి, అంచులు లేచిపోయాయి.

హీట్ గన్‌తో వేడి చేసి పాత మేట్ లాగాను. మేట్ వచ్చేస్తుంది గానీ జిగురు రాదు. దాన్ని గీకాలి. ఎసిటోన్ గుడ్డతో తుడవాలి. ఎక్కువ రుద్దితే కింద పూత పోతుంది. పాత జిగురు మీద కొత్త మేట్ వేస్తే ఆ పూటకి బాగానే కనబడుతుంది. నాలుగు సార్లు నీళ్లలో దిగితే లేచొస్తుంది.

నేను రంపెతో ఓ మూల గీకుతున్నాను. కుర్రాడు వంగి చూసి, "ఈ కత్తి భలే ఉందన్నా. పని ఎక్కడ నేర్చుకున్నారు?" అన్నాడు.

"గోవాలో, బోట్ల షెడ్డులో" అన్నాను.

నేను గోవా చూడనే లేదు. ఆ మూల మరి చెయ్యి నిలవలేదు. అలాగే వదిలేసి పక్కకి జరిగాను. అట్ట మీద కొలత తీసి కొత్త షీటు కోశాను. అంచు ఏటవాలుగా చెక్కాను. సొల్యూషన్ రెండు పక్కలా రాసి, వేలికి అంటనంతగా ఆరనిచ్చి, ఒక్క పెట్టున పెట్టాను. ఒకసారి అంటుకుంటే మరి జరపలేం. మధ్య నుంచి అంచులకి గాలి పోయేలా నొక్కాను. ఒక రోజంతా నీళ్లలో దించొద్దన్నాను. చెప్పుకి అడుగు వేసే వరసే ఇదంతా. కుర్రాడు అడిగినంతా ఇచ్చాడు. "గోవా పనితనం" అని మెచ్చుకున్నాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నాది తప్పా? కులం తెలిస్తే చిన్నచూపు చూసే లోకానికి నిజం బాకీ ఉన్నామా? లేమనే అంటాను. అద్దె కొంప కోసం ఇంటిపేరు దాచుకునే మనవాళ్లని నేను తప్పు పట్టను. తల దాచుకోవడం అబద్ధం కాదు. కానీ ఆ కుర్రాడు నా కులం అడగలేదు. నా గురువెవరని అడిగాడు. దాచుకున్నది నన్ను కాదు, మా అయ్యని. కామందు మా అయ్య చెప్పుల్ని కాళ్ల నుంచి తీయించాడు. నేను అయ్య చేతుల్లోంచి పనే తీసేశాను.

మనవాళ్లే ఒక మాటంటారు. చచ్చిన పశువుల్ని లాగే పని మానెయ్యమని 1927లో మహద్‌లో అంబేడ్కర్ చెప్పాడు కదా, ఇంకా రంపె పట్టుకుని గర్వపడటం కులవృత్తిని నెత్తిన పెట్టుకోవడం కాదా అని. న్యాయమైన ప్రశ్నే. వృత్తి సంకెల కాకూడదు. నా కొడుకు రంపె పట్టక్కర్లేదు. కానీ పని వదలడం వేరు, పని తెలిసిన తండ్రిని చూసి సిగ్గుపడటం వేరు. కులం పనిని కాదు, పనిచేసేవాళ్లని విభజించిందని 1936లో ఆయనే రాశాడు. అంటే పనిలో నీచం లేదు. కాదనే హక్కు లేకపోవడంలో ఉంది, కూలి బదులు ఊడ్చిన గింజలు కొలవడంలో ఉంది. ఆ నీచం మా అయ్యది కాదు. దాన్ని ఇన్నాళ్లూ నేనెందుకు మోశాను? పనికి ఇంగ్లీషు పేరొస్తే మర్యాదొచ్చింది అనుకున్నాం. పాత జిగురు గీకకుండా కొత్త మేట్ అతికించుకున్నాం.

నెల తిరక్కుండా బండి మళ్లీ వచ్చింది. ఒక మూల లేచింది. ఏ మూలో చూడక్కర్లేకుండానే తెలిసింది నాకు.

ఈసారి శుభ్రంగా గీకాను. డబ్బులొద్దన్నాను. "బాబూ, నేను గోవా వెళ్లలేదు. ఈ రంపె మా అయ్యది. మేం మాదిగలం. ఆయన చెప్పులు కుట్టేవాడు. నాకొచ్చిన పనంతా ఆయన నేర్పిందే" అన్నాను.

కుర్రాడు కాసేపు మాటాడలేదు. రంపె వైపు చూశాడు. "సరే అన్నా" అని బండి ఎక్కించుకుని వెళ్లిపోయాడు.

మళ్లీ రాలేదు. మేట్ గట్టిగా ఉండి రాలేదో, మరెందుకు రాలేదో అతనికే తెలియాలి. ఆ మూల మాత్రం లేచుండదు. అది నాకు తెలుసు. మా అయ్య పనది.