మందు కొట్టిన పువ్వు అమ్మవారికి పెట్టొచ్చా?

తులసి కోట వీడియోలో టైమ్ సరిపోక వదిలేసిన విషయం ఒకటుంది, అది ఇక్కడ రాస్తున్నాను.

మాది ఐదో అంతస్తు ఫ్లాట్. బాల్కనీలో ఒక తులసి, ఒక నందివర్ధనం, రెండు ఎర్ర మందారాలు. పోయిన శ్రావణ మాసానికి ముందు మందారం మొగ్గల చుట్టూ దూది అంటుకున్నట్టు తెల్లగా పిండినల్లి పట్టింది. నేను మనందరికీ అలవాటైన పనే చేశాను. ఫోన్ తీసి పురుగుమందు ఆర్డర్ పెట్టాను. సీసా మీద హెచ్చరిక గుర్తు చూసి అమ్మ అడిగింది: "ఒరేయ్, ఇది కొట్టిన పువ్వు రేపు అమ్మవారి పాదాల దగ్గర పెడతావా?"

"కడిగి పెడతాలే అమ్మా" అన్నాను. తర్వాత లేబుల్ చదివితే అది మొక్క రసంలోకి ఎక్కే రకం. కడిగితే పోదు. పైగా పక్కనే తులసి. ఆ దళం వేసిన తీర్థమే మా అక్క కూతురి చేతిలో పోస్తాం, దానికి మూడేళ్లు.

గీత తొమ్మిదో అధ్యాయంలో కృష్ణుడు ఆకో, పువ్వో, పండో, కాసిని నీళ్లో భక్తితో ఇస్తే చాలు, స్వీకరిస్తానంటాడు. "మరి ఆయన చూసేది భక్తినే కదా, మందుని కాదుగా" అని మీరు అనొచ్చు. నేనూ అమ్మతో అదే వాదించాను. నిజమే, ఆయనకి ఏమీ కాదు. కానీ ఆ తులసి కంకుల మీద పొద్దున్నే మనకంటే ముందు తేనెటీగ వాలుతుంది. దానిలోనూ ఉన్నది ఆయనే అని రోజూ చెప్పుకుంటూ దానికి విషం పెట్టి, మిగిలిన పువ్వు తెచ్చి పటానికి పెడితే అది ఏ పూజ? ఈ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. సీసా వెనక్కి పంపేశాను.

ఇంతకీ పిండినల్లి సంగతి. బాగా పట్టిన కొమ్మలు కత్తిరించి, మిగతా వాటిని నీటి ధారతో కడిగాను. లీటరు నీళ్లకి 5 మి.లీ. వేప నూనె, అది నీళ్లలో కలవడానికి కాస్త కుంకుడు రసం కలిపి సాయంత్రం పూట కొట్టాను. ఎండలో కొడితే ఆకు మాడుతుంది. వారానికోసారి చొప్పున మూడు సార్లు పట్టింది, ఒక్కరోజులో పోతుందని ఆశపడకండి. తులసికి మాత్రం అదీ వద్దు, నీళ్లతో కడిగితే చాలు. చీమల్ని కూడా ఆపాలి, పిండినల్లి వదిలే తియ్యటి జిగురు కోసం అవే దానికి కాపలా కాస్తాయి. పిండినల్లిని తినే పురుగులూ ఉన్నాయి. ఎర్రగా, నల్ల చుక్కలతో ఉంటాయి చూడండి, అక్షింతల పురుగులు. మన పెద్దవాళ్లు పేరు కూడా ఎంత బాగా పెట్టారో! ఘాటు మందు కొడితే ముందు పోయేవి అవే. వేప నూనెతోనూ పురుగులు చస్తాయి, కాదనను. అందుకే అది ఆఖరున.

ఇంకో గొడవ నిర్మాల్యం గురించి. పూజ చేసిన పూలు ప్లాస్టిక్ కవర్లో కట్టి చెరువులో వేస్తే పుణ్యం, కంపోస్ట్ చేస్తే అపచారమా? "తొక్కకూడదురా, ఎంగిలి తొక్కల్లో కలపకూడదు" అన్నది అమ్మ. సబబే అనిపించింది. అందుకే వేరే బకెట్, అడుగున చిల్లులు. ఉల్లిపాయ తొక్కలు, కోడిగుడ్డు పెంకులు దాంట్లోకి రావు. దారం, కర్పూరం కవర్లు తీసేసి, పూల మీద ఎండుటాకులు, కొబ్బరి పీచు ముక్కలు, కాస్త పుల్ల మజ్జిగ. వారానికోసారి తిరగెయ్యాలి. రెండు నెలలకి నల్లగా, వాన పడ్డ మట్టి వాసనతో దిగింది.

సంస్కృతంలో భూమికి క్షమ అని కూడా పేరు. పొద్దున మంచం దిగేటప్పుడు కాలు పెడుతున్నందుకు ఆ తల్లిని మన్నించమంటాం. ఆమెకి తిరిగి ఏమిచ్చామన్నది మాత్రం నాకు ఆ బకెట్ పెట్టేదాకా తట్టలేదు.

కార్తీకంలో క్షీరాబ్ది ద్వాదశికి ముందు అమ్మ ఊరికి బయల్దేరింది. బస్సు ఎక్కేముందు బ్యాగు బరువుగా ఉందేంటని చూస్తే, పాత చీర ముక్కలో మూట కట్టిన ఆ ఎరువు. అక్కడి తులసి కోటకట.