పదును పెట్టేముందు అడగాల్సిన ఒకే ఒక్క ప్రశ్న



ఆయుధ పూజ వీడియోలో మనం ఒక మాట అనుకున్నాం. పనిముట్టుకి బొట్టు పెట్టడమంటే ఆ పనికి దండం పెట్టడమే అని. ఈ పోస్టులో దాని పక్కనే ఉన్న ఇంకో ప్రశ్న తీసుకుందాం. కత్తికి పదును పెట్టినవాడికి, ఆ కత్తి తర్వాత చేసే పనిలో వాటా ఉంటుందా? లేక "నా పని పదును వరకే" అని చేతులు దులుపుకోవచ్చా?

నేను సాఫ్ట్‌వేర్ వాడిని. మా ఫీల్డులో దీనికి రెడీమేడ్ సమాధానం ఒకటి ఉంది: టూల్ తటస్థం, మంచైనా చెడైనా వాడేవాడిదే. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ శని, ఆదివారాల్లో నేను బెల్ట్ సాండర్ మీద కత్తులకు సాన పడుతుంటాను. ఆ మెషీన్ ముందు నిలబడితే ఈ సమాధానం ఎక్కడో తేడా కొడుతుంది. ఎక్కడో చూద్దాం.

మెషీన్ అడిగే ప్రశ్న

బెల్ట్ సాండర్ అంటే పెద్ద విషయమేమీ కాదు. రెండు మూడు చక్రాల మీద తిరిగే గరుకు బెల్టు, అంతే. దెబ్బతిన్న అంచుకి 120 గ్రిట్, తర్వాత 240, 400, చివర్లో తోలు బెల్టు. బెల్టు ఎప్పుడూ వాదర మీంచి బయటికి వెళ్లే దిశలో తిరగాలి. ఎదురు తిరిగితే అంచు బెల్టులో దిగబడి కత్తి ఎగిరిపోతుంది. ఒక పక్క సరిపడా అరిగిందంటే, రెండో పక్క వేలికి సన్నటి గరుకు తగులుతుంది. అప్పుడు కత్తి తిప్పాలి. ఆఖరికి ఆ గరుకు కూడా పోవాలి.

అసలు కష్టం రెండు చోట్ల. ఒకటి వేడి. కత్తి ఉక్కుకి గట్టిదనం కొలిమిలో వస్తుంది. బెల్టు మీద ఒకే చోట ఎక్కువసేపు నొక్కితే వాదర నీలం రంగుకి తిరుగుతుంది. అంటే అక్కడ వేడి దాదాపు 300 డిగ్రీలకు వెళ్లిందని, ఉక్కు మెత్తబడిందని అర్థం. చల్లబడ్డాక కూడా ఆ గట్టిదనం తిరిగి రాదు. నీలం తిరిగిన మేరకు అరగదీసి పారేయాల్సిందే. అందుకే ప్రతి ఒకటి రెండు లాగుళ్లకీ నీళ్లలో ముంచుతూ ఉండాలి.

రెండోది కోణం. కూరగాయల కత్తికి ఒక్కో పక్క 20 డిగ్రీలకు అటూ ఇటూ చాలు. కొబ్బరి బోండాలు కొట్టే కత్తికి అదే కోణం పెడితే పది బోండాలకే అంచు విరుగుతుంది. దానికి 25, 30 డిగ్రీల మందపాటి అంచు కావాలి. కొడవలి లెక్క వేరు, గొడ్డలి లెక్క వేరు. అంటే ఏ కత్తి వచ్చినా, స్విచ్ వెయ్యకముందే ఒకటి అడగక తప్పదు: "ఇది దేనికి?" జవాబు తెలియకపోతే కోణమే పెట్టలేం.

చూశారా, తటస్థం అనుకున్న పనిలో మొదటి స్టెప్పే ఉద్దేశం గురించి అడగడం.

రెండు కత్తులు, ఒకే ఆదివారం

ఒక ఆదివారం మా వీధి చివర బోండాలు అమ్మే పెద్దాయన తన కత్తి తెచ్చాడు. "పీచు చీలట్లేదు బాబూ, రెండు దెబ్బలు ఎక్కువ వెయ్యాల్సొస్తోంది" అన్నాడు. మొద్దు కత్తికి బలం ఎక్కువ పెట్టాలి. బలం పెట్టిన చోటే కత్తి జారుతుంది, బోండాం పట్టుకున్న వేళ్ల మీదికి వస్తుంది. ఆ కత్తికి పదును పెట్టడం ఆయన చేతిని కాపాడటమే.

అదే రోజు సాయంత్రం కాలనీ కుర్రాడొకడు వచ్చాడు. పంతొమ్మిదేళ్లుంటాయి. చేతిలో గుడ్డలో చుట్టిన పొడవాటి కత్తి, రెండడుగుల పైనే. అలంకారానికి అమ్మే రకం, అంచు లేదు.

"అన్నా, దీనికి పదును పెట్టవా?"

"దేనికి రా?"

"ఊరికే అన్నా. బర్త్‌డే ఉంది, రీల్ తీస్తాం."

"కేకు కొయ్యడానికి పదునెందుకు?"

"ఊరికే... ఉంటే బాగుంటది కదా."

వాడు చెడ్డవాడు కాదు, గుళ్లో ప్రసాదం పంచేటప్పుడు ముందుండేది వాడే. అయినా నేను పెట్టనన్నాను. "తుప్పు తీసి తళతళలాడేలా చేసిస్తా, అంచు మాత్రం మొద్దుగానే ఉంచుతా" అన్నాను. వాడికి నచ్చలేదు. "వేరే షాపులో పది నిమిషాల్లో చేసిస్తారులే అన్నా" అని వెళ్లిపోయాడు.

నిజమే, చేసిస్తారు. మరి నేను కాదని ఏం లాభం? చట్టం చూసినా ఇదే గీత కనిపిస్తుంది. 2016 నాటి ఆయుధ నియమాలు 9 అంగుళాలకు మించిన పొడవు లేదా 2 అంగుళాలకు మించిన వెడల్పు ఉన్న కత్తుల్ని ఆయుధాల జాబితాలో పెట్టాయి. ఇంటి పనికి, వ్యవసాయానికి, శాస్త్రానికి, పరిశ్రమకి తయారైన వాటిని మాత్రం వదిలేశాయి. అక్కడ కూడా పొడవొక్కటే కాదు, పని కూడా లెక్కలోకి వచ్చింది. కానీ చట్టం పక్కన పెట్టినా, ఆ "ఊరికే" అన్న మాట నన్ను వదల్లేదు. దానికి జవాబు నాకు రామాయణంలో దొరికింది.

సీతమ్మ చెప్పిన కథ

అరణ్యకాండలో, మునుల్ని బాధిస్తున్న రాక్షసుల్ని చంపుతానని రాముడు మాటిస్తాడు. అప్పుడు సీతమ్మ ఒక సందేహం లేవదీస్తుంది. మనతో వైరం లేనివాళ్ల మీద ఆయుధం ఎత్తడం సరేనా అని. నేర్పడానికి కాదు, గుర్తు చేయడానికే అంటూ ఒక కథ చెబుతుంది.

అడవిలో ఒక తాపసి ఉండేవాడు, సత్యవంతుడు. అతని తపస్సు చెడగొట్టాలని ఇంద్రుడు యోధుడి వేషంలో వచ్చి, ఒక ఖడ్గాన్ని దాచమని ఇచ్చి వెళ్లాడు. తాపసి మంచివాడు కదా, నమ్మి ఇచ్చిన వస్తువు పోకూడదని కందమూలాలకు వెళ్లినా వెంటే తీసుకెళ్లేవాడు. రోజూ చేతిలో కత్తి ఉండీ ఉండీ, మెల్లగా మనసు క్రూరత్వం వైపు తిరిగింది. తపస్సు పోయింది, చివరికి నరకానికి పోయాడు.

ఇక్కడ గమనించండి. తాపసికి చెడు ఉద్దేశం లేదు. ఇంకా చెప్పాలంటే, కత్తితో అతనికి ఏ ఉద్దేశమూ లేదు. సమస్య అదే. పని ఉన్న పదును పనిలో అరిగిపోతుంది. పని లేని పదును పని వెతుక్కుంటుంది. "టూల్ తటస్థం" అనే వాదన పట్టుకున్న చేతిని మాత్రమే చూస్తుంది. పట్టుకున్నది చేతిని ఏం చేస్తోందో సీతమ్మ చూసింది.

రాముడు ఆ మాటని తోసిపుచ్చలేదు. శరణన్నవాళ్లకి మాటిచ్చాను, వాళ్లని కాపాడటం నా ధర్మం అన్నాడు. అంటే "దేనికి?" అన్న ప్రశ్నకి ఆయన దగ్గర జవాబుంది. తాపసి దగ్గర లేదు. కాలనీ కుర్రాడి దగ్గరా లేదు.

"మన దేవుళ్ల చేతుల్లోనూ ఆయుధాలున్నాయి కదా?"

మీలో కొందరు ఇది అడుగుతారని తెలుసు. ఉన్నాయి. అమ్మవారికి దేవతలంతా తలో ఆయుధం ఇచ్చారు, మహిషుణ్ణి వధించే పని ఉంది కాబట్టి. పాండవులైతే ఇంకా స్పష్టంగా చూపించారు. విరాటుడి కొలువులో చేరేముందు వింటినారులు విప్పి, ఆయుధాలన్నీ జమ్మిచెట్టు మీద దాచేశారు. ఏడాదిపాటు గాండీవం చెట్టు మీదే ఉంది. కౌరవులు ఆవుల్ని తోలుకుపోతుంటే అప్పుడు దించారు. దసరాకి మనం జమ్మికి మొక్కేటప్పుడు ఆయుధాన్ని తియ్యడం ఒక్కటే కాదు, దించిపెట్టడం కూడా గుర్తుండాలి.

ఇంకొందరు రెండో కొసకి వెళ్తారు: "మరి మాంసం కొట్టు కత్తికి పెడతావా?" పెడతాను. భారతంలో కౌశికుడనే బ్రాహ్మణుడికి ధర్మం బోధించింది మిథిలలో మాంసం అమ్మే ధర్మవ్యాధుడు. నాగలి దున్నినా మట్టిలో ఎన్నో ప్రాణాలు పోతాయని గుర్తు చేసిందీ ఆయనే. హింస అంటని చెయ్యి ఎవరికుంది? పనిని చూసి మనిషిని కొలవడం నా పని కాదు. పనే లేని పదునుని కాదనడం వరకే నా పని.

కాబట్టి మొదటి ప్రశ్నకి నా జవాబు ఇది. పదును పెట్టినవాడికి వాటా ఉంది, కానీ కత్తి చేసే ప్రతి పనిలో కాదు. అడగగలిగీ అడగకుండా స్విచ్ వేస్తే, అప్పుడు ఉంది. పాత సానరాయి మీద అంత పొడుగు కత్తికి అంచు తేవాలంటే గంటలు పడుతుంది. ఆ రుద్దుడులో ఎక్కడో ఒకచోట "దేనికిది?" అని మనకే అనిపిస్తుంది. బెల్టు ఆ గంటల్ని నిమిషాలు చేసేసింది, ఆలోచించుకునే టైమ్ కూడా అందులోనే పోయింది. అందుకే ప్రశ్నని మనమే ముందుకు తెచ్చుకోవాలి. కుర్రాడు వేరే షాపుకి వెళ్లి ఉండొచ్చు. కనీసం ఒకచోటైనా ఆ ప్రశ్న వాడికి ఎదురైంది.

ఇది కత్తులకే కాదు. మాటకీ పదును పెడతాం, వాదనకీ పెడతాం, ధర్మం పేరు మీద ఎవరికో కౌంటర్ ఇవ్వడానికి రాత్రంతా శ్లోకాలు వెతుకుతాం. ఎవరినైనా కాపాడటానికైతే పెట్టండి, చల్లటి నీళ్లలో ముంచుతూ పెట్టండి. "ఊరికే" అయితే జమ్మిచెట్టు ఉంది.

ఈ వారం ఇంట్లో అమ్మ వాడే కత్తి ఒకసారి చూడండి. మొద్దుబారి ఉంటే పదును పెట్టించండి. దానికి రోజూ పని ఉంది.

సర్వే జనాః సుఖినో భవంతు. మళ్లీ కలుద్దాం.