ఎవరి నాలుక నిజం?

మా ఊరు చిలకలూరిపేట. పేరులో చిలకలున్నాయి, చుట్టూ పొలాల్లో మిరపకాయలున్నాయి. ఈ రెండింటి మధ్యా ఓ తమాషా ఉంది. చిలక ఇష్టంగా ముక్కున కరుచుకు తినే పండుమిరపకాయని మనం కొరికితే కళ్ళంట నీళ్ళు. కాయ ఒక్కటే. చిలక అబద్ధమాడటం లేదు, మనమూ ఆడటం లేదు. మరి ఆ కాయ కారంగా ఉన్నట్టా, లేనట్టా?

ఇదేదో పొద్దుపోక వేసుకునే ప్రశ్న అనుకోకండి. దీనికి జవాబు తెలియక నేనో పెద్దావిడని పన్నెండేళ్ళు బాధపెట్టాను. ఆవిడ మా అత్తగారు.

"ఏవమ్మాయ్, కూరలో ఉప్పెయ్యటం మర్చిపోయావా?" రోజూ భోజనాల దగ్గర ఆవిడ మొదటి మాట ఇది. నేను రుచి చూసే దించేదాన్ని. మావారు సరిగ్గానే ఉందనేవారు. పిల్లదీ అదే మాట. ముగ్గురు సాక్షులం, ఆవిడ ఒక్కరు. తీర్పు చెప్పటానికి ఎంతసేపు? "ఉప్పు సరిపోయింది అత్తయ్యా, మీకే అలా అనిపిస్తోంది" అనేదాన్ని. అది పైకి. లోపల మాత్రం, కోడలి వంటకి వంక పెట్టందే ఈవిడకి ముద్ద దిగదు కాబోలు అనుకునేదాన్ని. పైగా ఆవిడకి బీపీ. ఉప్పు తగ్గించమని డాక్టరుగారు చెప్పారు. ఇంకేం, నా మాటకి వైద్యశాస్త్రం తోడొచ్చింది. ఆవిడ మారుమాట్లాడకుండా మజ్జిగన్నంలోకి ఓ పచ్చిమిరపకాయ అడిగి కొరుక్కునేవారు. "ఈ వయసులో ఇంత కారమేమిటండీ!" అని దానికీ సణిగేదాన్ని.

విచిత్రం ఏమిటంటే నేను బి.ఏ.లో సైకాలజీ చదివాను. సంవేదన వేరు, ప్రత్యక్షం వేరు అని పరీక్షలో పేజీలకి పేజీలు రాసొచ్చాను. కన్నూ ముక్కూ నాలుకా మెదడుకి పంపే కబురు సంవేదన. ఆ కబురుకి మెదడు చెప్పుకునే అర్థం ప్రత్యక్షం. ఆ అర్థంలో మన పాత అనుభవాలూ, ఆశలూ, భయాలూ అన్నీ కలిసిపోతాయి. మసక వెలుతుర్లో తాడుని చూసి పామనుకోవటం గురించి మన వేదాంతులు ఎప్పుడో చెప్పారు. తాడు కంటికి కనిపించింది, పాము భయంలోంచి వచ్చింది. అలాగే అత్తయ్య మాట నా చెవిని పడింది, అందులో వంక నా మనసులోంచి వచ్చింది. పరీక్షలో మార్కులొచ్చాయి గాని, ఇంట్లో ఈ ముక్క తట్టలేదు.

ఆవిడ 2018లో పోయారు. 2021లో కరోనా రెండోసారి విజృంభించినప్పుడు నేనూ మంచమెక్కి లేచాను. లేచాక ఓ పొద్దున కాఫీ వాసన రాలేదు. తాలింపు మాడినా తెలియలేదు. గోంగూర పచ్చడి నోట్లో పెట్టుకుంటే పులుపు తెలిసింది, ఉప్పు తెలిసింది, గోంగూర తెలియలేదు! మనం రుచి అనుకునేదాంట్లో చాలాభాగం వాసనేనట. నాలుక పట్టుకునేవి తీపి, పులుపు, ఉప్పు, చేదు, జపానువాళ్ళు ఉమామి అని పేరుపెట్టిన ఒక కమ్మదనం. మిగతాదంతా నోటి వెనకనుంచి ముక్కుకెక్కే వాసన. నమ్మకపోతే ముక్కు గట్టిగా మూసుకుని నాలుగు సోంపుగింజలు నమలండి. కాస్త తీపి తప్ప ఏమీ తెలియదు. ముక్కు వదలండి, సోంపు ఒక్కసారిగా వచ్చేస్తుంది.

వయసు మళ్ళినకొద్దీ చాలామందికి ఈ వాసన తెలిసే శక్తి తగ్గుతుంది. చత్వారం వస్తే అక్షరాలు అలుక్కుపోయి తెలిసిపోతుంది. ఇది అలా కాదు, మెల్లిమెల్లిగా తగ్గటంవల్ల తగ్గిందని ఆ మనిషికే తెలియకపోవచ్చు. తెలిసేదల్లా కూర చప్పగా ఉందనే. చప్పగా ఉంటే ఎవరైనా అడిగేది ఉప్పేగా!

ఆ రోజుల్లోనే ఓసారి పప్పులో ఏదో లోటు తోచి మళ్ళీ ఉప్పేశాను. మా అమ్మాయి ముద్ద నోట్లో పెట్టుకుని "అమ్మా, ఉప్పు కషాయం!" అంది. నాకు చప్పగానే ఉందన్నాను. "నీకే అలా అనిపిస్తోందిలే" అంది. పన్నెండేళ్ళ నా మాట నాకే తిరిగొచ్చింది.

ఆ పూట మజ్జిగన్నంలో ఓ పచ్చిమిరపకాయ కొరికాను. భగ్గుమంది! ఎన్నాళ్ళకో నోటికి ప్రాణం వచ్చినట్టయింది. ఉగాది పచ్చడిలో మనం ఆరు రుచుల్లో ఒకటిగా లెక్కేసే కారం అసలు రుచే కాదట, నొప్పి! ఒంట్లో వేడిని కనిపెట్టే నరాలకి ఓ తలుపుంది. సుమారు 43 డిగ్రీల వేడి తగిలితే అది తెరుచుకుంటుంది. మిరపలోని క్యాప్సైసిన్ ఆ తలుపుకి దొంగతాళంచెవి. డేవిడ్ జూలియస్ బృందం 1997లో ఈ గుట్టు బయటపెట్టింది. 2021లో ఆయనకీ, ఆర్డెమ్ పటపౌటియన్‌కీ నోబెల్ బహుమతి వచ్చింది. పక్షులకీ ఆ తలుపుంది గాని, దానికి మిరప తాళంచెవి పట్టదు. అందుకే చిలక నిశ్చింతగా తింటుంది. నిప్పుకీ మిరపకాయకీ ఒకే 'మంట' అనే మాట వాడిన మన పూర్వులు గట్టివాళ్ళే!

వాసన దారి మూసుకుపోయినా ఈ మంట దారి నాకు తెరిచే ఉంది. అత్తయ్యకీ అంతే అయ్యుంటుంది. ఆవిడ అడిగిన పచ్చిమిరపకాయ చాపల్యం కాదు, అన్నం అన్నంలా అనిపించటానికి మిగిలిన ఒక్క దారి.

"అప్పుడు ఆవిడ మాట నమ్మి ఉంటే ఉప్పేసేదానివా?" అని మావారు అడిగారు. లేదు, వేసేదాన్ని కాదు. బీపీ అబద్ధం కాదుగా. కానీ ఇంత నిమ్మరసం పిండేదాన్ని, కాస్త అల్లం దంచి వేసేదాన్ని. అంతకంటే ముందు, "నోటికి ఏమీ తెలియటం లేదా అత్తయ్యా? ఎప్పట్నుంచి?" అని అడిగేదాన్ని. ఉప్పు వెయ్యకపోవటం తప్పు కాదు. అడక్కపోవటం తప్పు. కూరలో ఎంత ఉప్పుందో మేం ముగ్గురం సాక్ష్యం చెప్పగలం. ఆవిడ నోటికి ఎలా ఉందో ఆవిడొక్కరే చెప్పాలి. అక్కడ ముగ్గురి ఓట్లు చెల్లవు.

నాకు రెండు నెలలకి వాసన తిరిగొచ్చింది. ఇప్పుడు మా అమ్మ నా దగ్గరే ఉంటోంది. మొన్న మే నెలలో, మా పేటలో రోళ్ళు పగిలే ఎండలో, "చలేస్తోందే, ఆ ఫ్యాను ఆపు" అంది. 'నీకే అలా' అన్న మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"కాళ్ళకా అమ్మా, ఒళ్ళంతానా?" అని అడిగి, ఫ్యాను ఆపి, దుప్పటి తెచ్చి కప్పాను. నాకు చెమటలు కారిపోతున్నాయి. అమ్మ హాయిగా నిద్రపోయింది.