చింపేసిన ఉత్తరం

1896లో మార్క్ ట్వైన్ కాశీకి వచ్చాడు. అప్పట్లో అక్కడ భాస్కరానంద సరస్వతి అనే సన్యాసి ఉండేవారు. ఆయనను సాక్షాత్తూ దేవుడిగా కొలిచేవాళ్లు దేశమంతా ఉండేవారు. ట్వైన్ వెళ్లి దర్శనం చేసుకుని, తాను రాసిన నవల ఒకటి స్వామి చేతికిచ్చాడు. బ్రహ్మవిచారం మధ్యలో కాస్త విశ్రాంతిగా ఉంటుందని ఇచ్చినట్టు తన యాత్రా గ్రంథంలో చమత్కరించాడు. ఆ పుస్తకం ‘అడ్వెంచర్స్ ఆఫ్ హకిల్‌బెరీ ఫిన్’. ఆయన హాస్యానికే అన్నాడు గానీ, అది సన్యాసి చేతిలో ఉండదగ్గ పుస్తకమే. పిల్లల సాహసకథగా చలామణీ అయ్యే ఆ నవల మధ్యలో ఒక ప్రార్థన ఉంది. ప్రార్థన గురించి అంత నిజాయతీగా రాసిన పుటలు భక్తి గ్రంథాల్లో కూడా అరుదు.

కథాకాలం 1840 ప్రాంతం. మిస్సిసిపీ నది ఒడ్డున, బానిసత్వం చట్టబద్ధమైన మిస్సోరీ రాష్ట్రంలో చిన్న ఊరు. హక్ పదమూడు పద్నాలుగేళ్ల కుర్రాడు. తల్లి లేదు. తండ్రి తాగొచ్చి చావబాదుతాడు. డగ్లస్ అనే వితంతువు, ఆమె తోబుట్టువు మిస్ వాట్సన్ వాణ్ని చేరదీసి చదువూ, బైబిలూ, స్వర్గనరకాలూ నేర్పుతుంటారు. రాత్రి పడుకోబోయే ముందు ఇంట్లోని బానిసలను కూడా లోపలికి పిలిచి అందరూ కలిసి ప్రార్థన చేస్తారు. ఆ ఇంటి బానిస జిమ్. న్యూ ఆర్లీన్స్ వైపు అమ్మితే ఎనిమిది వందల డాలర్లు వస్తాయని మిస్ వాట్సన్ అనుకోవడం చాటుగా విని అతను పారిపోతాడు. ప్రార్థన మొదటి అధ్యాయంలో వస్తుంది, అమ్మకం మాట ఎనిమిదో అధ్యాయంలో. రెంటినీ కలిపి చూసుకునే పని ట్వైన్ పాఠకుడికే వదిలేశాడు.

మిస్ వాట్సన్ దుర్మార్గురాలు కాదు. ఊళ్లో అందరిలాంటి భక్తురాలే. ట్వైన్ పెరిగిన హానిబాల్ ఊరూ అలాంటిదే. చిన్నప్పుడు బానిసత్వం మీద తనకు ఏవగింపు ఉండేది కాదని, అది తప్పని ఎవరూ చెప్పలేదని, దేవుడికి సమ్మతమేనని చర్చి వేదిక మీదే చెప్పేవారని ఆత్మకథలో ఆయన ఒప్పుకున్నాడు. ఇది ఒక్క ఊరి సంగతి కాదు. బానిసలున్నవాళ్లు మతప్రచారకులుగా ఉండవచ్చా అన్న తగవు మీదే 1845లో అమెరికా దక్షిణాది బాప్టిస్టులు విడిపోయి వేరు సంఘం పెట్టుకున్నారు. ఆ సంఘం క్షమాపణ తీర్మానం చేసింది 1995లో. నూట యాభై ఏళ్లు! పారిపోయి వచ్చిన దాసుణ్ని యజమానికి తిరిగి అప్పగించవద్దని బైబిల్ ద్వితీయోపదేశకాండం ఇరవై మూడో అధ్యాయంలో స్పష్టంగానే ఉంది. ఆ వాక్యాన్ని హక్ ఊళ్లో ఎవరూ హక్‌కు వినిపించలేదు.

తండ్రి దెబ్బలు తాళలేక పారిపోయిన హక్, ఇంటి నుంచి పారిపోయిన జిమ్ ఒక లంకలో కలుసుకుని తెప్ప మీద బయలుదేరుతారు. ఒహాయో నది మిస్సిసిపీలో కలిసే కైరో దగ్గర దిగి, అక్కడి నుంచి బానిసత్వం లేని రాష్ట్రాలకు వెళ్లాలని పథకం. దట్టమైన పొగమంచులో ఇద్దరూ విడిపోతారు. జిమ్ రాత్రంతా అరిచి అరిచి, హక్ చచ్చిపోయాడనుకుని, అలసి నిద్రపోతాడు. తెల్లారి హక్ తిరిగొచ్చి, పొగమంచూ లేదు పాడూ లేదు, నువ్వు కలగన్నావని నమ్మిస్తాడు. నల్లవాళ్లను ఆటపట్టించడం ఆ ఊరి పిల్లలకు అలవాటైన వినోదం. జిమ్ తెప్ప మీద పడి ఉన్న ఆకులూ చెత్తా చూసి నిజం గ్రహిస్తాడు. స్నేహితుడి నెత్తిన మన్ను పోసి సిగ్గుపరిచేవాళ్లు కూడా ఈ చెత్తలాంటి వాళ్లేనని ఒక్క మాట అని, లోపలికి వెళ్లిపోతాడు.

హక్‌కు పావుగంట పడుతుంది. ఒక నల్లవాడి ముందు తల వంచడానికి తెల్ల కుర్రాడికి పావుగంట. ఆ తర్వాత వెళ్లి క్షమాపణ అడుగుతాడు. అడిగినందుకు ఎన్నడూ చింతించలేదనీ చెబుతాడు. నా దృష్టిలో ఈ నవలకు ఆయువుపట్టు ఇది. ఇక్కడ ఉపదేశించిన గురువు జిమ్. అతనికి అక్షరం రాదు, చట్టం అతణ్ని ఆస్తి కింద లెక్కగడుతుంది.

అంతమాత్రాన హక్ మారిపోయాడనుకోకూడదు. మరుసటి అధ్యాయంలోనే, స్వేచ్ఛ దొరికాక డబ్బు కూడబెట్టి భార్యను కొనుక్కుంటానని, పిల్లలను అమ్మకపోతే ఎవరిచేతనైనా దొంగతనంగా తెప్పించుకుంటానని జిమ్ అంటే హక్ గుండె ఝల్లుమంటుంది. తనకు ఏ అపకారమూ చేయని పెద్దమనిషి సొత్తు కాజేస్తానంటున్నాడే అని! తన పిల్లలను తాను తెచ్చుకోవడం దొంగతనమట. హక్ లోపలి గొంతు నిజంగానే బాధపడుతోంది, నిజంగానే తప్పు చెబుతోంది. జిమ్‌ను పట్టిద్దామని పడవెక్కి బయలుదేరతాడు కూడా. బానిసలను వెతికే మనుషులు ఎదురైతే నోరు పెగలదు. తెప్ప మీద ఉన్నది నాన్నేనని, మశూచి అని వాళ్లు పోల్చుకునేలా బొంకి వెనక్కి పంపేస్తాడు.

పొగమంచులో కైరో దాటిపోయింది. నది వాళ్లను దక్షిణానికి, బానిసత్వం నడిమధ్యకు లాక్కుపోతుంది. చివరికి తెప్ప ఎక్కిన ఇద్దరు మోసగాళ్లలో ఒకడు జిమ్‌ను నలభై డాలర్లకు అమ్ముకుంటాడు. ఇది ముప్ఫై ఒకటో అధ్యాయంలోని సంగతి.

ఇదంతా తన పాపానికి దేవుడు వేసిన దెబ్బ అనుకుంటాడు హక్. మోకరిల్లుతాడు. మాటలు రావు. మనసులో పాపం దాచుకుని పైకి ప్రార్థిస్తే అది అబద్ధమని, దేవుడి దగ్గర ఆ అబద్ధం చెల్లదని వాడికి తెలుసు. జిమ్ ఎక్కడున్నాడో తెలియజేస్తూ మిస్ వాట్సన్‌కు ఉత్తరం రాస్తాడు. రాయగానే ఒళ్లు తేలికవుతుంది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి పాపం కడిగేసుకున్నట్టు అనిపిస్తుంది. ఇక ప్రార్థన వస్తుందని నమ్మకం కలుగుతుంది.

భక్తులమైన మనం ఆగి చదువుకోవాల్సిన చోటు ఇది. హక్‌కు దొరికింది అచ్చమైన మనశ్శాంతి. గుళ్లో దీపం పెట్టి వచ్చాక, తీర్థంలో మునిగి లేచాక మనం చెప్పుకునే తేలికదనం అదే. అది వాడికి దొరికింది ఒక మనిషిని మళ్లీ గొలుసుల్లోకి పంపే ఉత్తరం రాసినందుకు. మనసు కుదుటపడింది కాబట్టి చేసింది మంచే అన్న లెక్కను ట్వైన్ ఒక్క పేరాలో కూలగొట్టాడు. లోకం వేసిన కొలతకు సరిపోయినప్పుడు కూడా మనసు కుదుటపడుతుంది. ఆ కొలతే వంకరైతే?

హక్ వెంటనే ప్రార్థన మొదలుపెట్టడు. కాగితం పక్కన పెట్టి ఆలోచనలో పడతాడు. వెన్నెల రాత్రులు, తుఫానులు, పాటలు, నవ్వులు. తాను నిద్రపోవాలని తన వంతు కాపలా కూడా జిమ్ కాయడం. పొగమంచు నుంచి తిరిగొచ్చినప్పుడు అతని ముఖంలో కనిపించిన సంతోషం. జిమ్ మీద మనసు రాయి చేసుకుందామంటే ఒక్క కారణమూ దొరకదు. ఇక ఊపిరి బిగబట్టి, వణుకుతూ, నరకానికే పోవడానికి సిద్ధపడి ఉత్తరం చింపేస్తాడు.

తెలుగు పాఠకులకు ఇక్కడ రామానుజులు గుర్తుకు రాక మానరు. గురువు తిరుక్కోట్టియూర్ నంబి రహస్యమని చెప్పిన మంత్రాన్ని గోపురమెక్కి అందరికీ చాటి, పదిమంది తరిస్తే నేనొక్కణ్ని నరకానికి పోతే ఏమన్న కథ మన ఇళ్లలో తరతరాలుగా చెప్పుకుంటున్నాం. పోలిక దగ్గరిదే గానీ ఒక తేడా ఉంది. రామానుజులకు తాను చేస్తున్నది కరుణ అని తెలుసు. గురువు చివరికి మెచ్చుకున్నాడు కూడా. హక్‌కు ఆ ఊరట లేదు. తాను చేసింది చెడ్డపనే అని చివరిదాకా నమ్ముతాడు. సందేహం వచ్చినప్పుడు సత్పురుషుల అంతఃకరణమే ప్రమాణమని కాళిదాసు దుష్యంతుడు తన మీద తనకున్న భరోసాతో అంటాడు. రాజు కాబట్టి అనగలిగాడు. తనను తాను సత్పురుషుల్లో లెక్క వేసుకోని ఈ తాగుబోతు కొడుక్కి అలాంటి భరోసా ఎక్కడిది? ఇది మంచి మనసుకూ వికృతంగా పెరిగిన అంతరాత్మకూ జరిగిన పోరు అని, ఓడింది అంతరాత్మేనని ట్వైన్ తరవాత తన నోట్సులో రాసుకున్నాడు.

ట్వైన్ కథను అక్కడితో ముగించలేదు. మరుసటి అధ్యాయంలోనే, పడవలో ఏదో పేలిందని హక్ కట్టుకథ చెబితే, ఎవరికైనా దెబ్బ తగిలిందా అని, జిమ్‌ను బంధించి ఉంచిన ఇంటి ఇల్లాలు శాలీ అత్త అడుగుతుంది. లేదు, ఒక నల్లవాడు పోయాడంతే అంటాడు. పోనీలే, ఒక్కోసారి మనుషులకు దెబ్బలు తగులుతాయి అంటుంది ఆవిడ. నిన్న నరకానికి సిద్ధపడిన పిల్లవాడి నోటనే ఈ మాట వచ్చింది. ఒక్క జిమ్ విషయంలో కళ్లు తెరుచుకున్నాయి, జిమ్ జాతి విషయంలో ఇంకా లేదు. ఆ తర్వాత హక్ స్నేహితుడు టామ్ సాయర్ వచ్చి, జిమ్‌ను విడిపించడాన్ని ఆటగా మార్చి అధ్యాయాల కొద్దీ సాగదీస్తాడు. మిస్ వాట్సన్ చనిపోతూ వీలునామాలో జిమ్‌ను విడుదల చేసిందని టామ్‌కు ముందే తెలుసు. ఈ ముగింపు నచ్చనివాళ్లు చాలామంది. నాకూ నచ్చదు. అయితే అక్కడే ఇంకొకటుంది. టామ్ కాలికి గుండు తగిలితే, పారిపోయే వీలున్న జిమ్ డాక్టరు వచ్చేదాకా కదలనంటాడు, డాక్టరుకు సాయపడుతూ దొరికిపోతాడు. హక్ పణంగా పెట్టింది పరలోకాన్ని. జిమ్ పణంగా పెట్టింది తన చేతికందిన విడుదలను.

నవల అమెరికాలో వెలువడిన 1885లోనే, యేల్‌లో న్యాయశాస్త్రం చదువుతున్న వార్నర్ మెగిన్ అనే నల్లజాతి విద్యార్థి ఖర్చు తాను భరిస్తానని ట్వైన్ అక్కడి డీన్‌కు ఉత్తరం రాశాడు. సిగ్గుపడాల్సింది తెల్లవాళ్లేనని, మూల్యమూ వాళ్లే చెల్లించాలని అందులో ఉంది. బానిసలను ఆస్తిగా చూసిన ఇంట్లో పుట్టిన మనిషి రాసిన ఉత్తరం అది.

జిమ్‌ను బంధించి ఉంచిన శాలీ అత్త భర్త సైలస్ ఫెల్ప్స్ రైతు, ప్రబోధకుడు. సొంత ఖర్చుతో చర్చి కట్టుకుని, ఒక్క డబ్బు పుచ్చుకోకుండా వాక్యం చెప్పే మంచివాడు. ఒకట్రెండు రోజులకోసారి గుడిసెకు వచ్చి, సంకెళ్లలో ఉన్న జిమ్‌తో కలిసి ప్రార్థన చేస్తుంటాడు. హక్ ప్రార్థన మొత్తం మనకు తెలుసు. జిమ్ ఏమని ప్రార్థించాడో ట్వైన్ రాయలేదు. కథంతా తెల్ల కుర్రాడి ఎదుగుదలే అయి, జిమ్ అందుకొక సాధనంగా మిగిలాడని నల్లజాతి పాఠకులు చేసే ఫిర్యాదులో బలముంది. 2024లో పర్సివల్ ఎవరెట్ ‘జేమ్స్’ నవలలో ఇదే కథను జిమ్ నోట చెప్పించాడు. అందులో అతను చదువుతాడు, రాస్తాడు. తెల్లవాళ్ల ముందు ఒక భాష, తన పిల్లల ముందు మరో భాష మాట్లాడతాడు.