యజమానియు తానే, ఉద్యోగియు తానే

చేయు పని ఒక్కటే అయినను, దానికి పెట్టిన పేరును బట్టి ఫలము మారుట లోకమున తరచుగా కానవచ్చును. ఒకే మనుజుడు ఒకే బల్ల ముందు కూర్చుండి ఒకే పనిని ఏండ్ల తరబడి చేయవచ్చును. నెల నెల జీతము పుచ్చుకొనినచో వానిని ఉద్యోగి యందురు. తన పేర ఒక కంపెనీని రిజిష్టరు చేయించి, దాని ద్వారా బిల్లు పంపినచో వ్యాపారి యందురు. ఈ భేదము పేరునకు సంబంధించినదా, సత్యమునకు సంబంధించినదా? కెనడా దేశపు వలస చట్టమున ఈ ప్రశ్న మిక్కిలి సూటిగా ఎదురగుచున్నది. అచ్చట సాఫ్టువేరు వృత్తిలో నున్న తెలుగు కుటుంబములకును ఇది పరాయి ప్రశ్న కాదు.

నైపుణ్యము గల పనివారికి స్థిరనివాసము నొసగుటకై కెనడా ప్రభుత్వము 2008లో కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ క్లాస్ అను మార్గమును తెరచినది. దరఖాస్తునకు ముందు మూడేండ్ల లోపల ఆ దేశమున కనీసము ఒక యేడు, అనగా 1,560 గంటలు, అట్టి పని చేసి యుండవలెను. అయితే స్వయం ఉపాధిలో గడచిన కాలము ఈ లెక్కకు రాదని నిబంధన చెప్పుచున్నది. ఫెడరల్ స్కిల్డ్ వర్కర్ అను మరియొక మార్గమున ఇట్టి నిషేధము లేదు. అందు విదేశమున స్వయం ఉపాధిగా చేసిన పనియు, కంపెనీ పత్రములు, ఆదాయపు రుజువులు, పని చేయించుకొనినవారి లేఖలు ఉన్నచో, గణనకు వచ్చును.

ఇచ్చటనే చిక్కు కలదు. న్యాయశాస్త్ర దృష్టిలో కంపెనీ యనునది దాని యజమాని కంటె వేరైన వ్యక్తి. ఇంగ్లండులో 1896 నాటి సాలమన్ వ్యాజ్యమున ఈ సూత్రము స్థిరపడినది. అట్లయినచో ఒకడు తన కంపెనీలో తానే ఉద్యోగి కారాదా? న్యూజీలాండులో లీ యను విమాన చోదకుడు పొలములపై ఎరువు చల్లు కంపెనీని స్థాపించెను. దాని 3,000 వాటాలలో 2,999 ఆయనవే. 1956లో పనిలో నుండగా విమానము కూలి ఆయన మరణించెను. భార్య పనివారి నష్టపరిహారమును కోరగా, ఆయన తన కంపెనీకి ఉద్యోగియే యని 1960లో ప్రివీ కౌన్సిలు తీర్పు చెప్పెను.

కెనడా వలస శాఖ మార్గదర్శకములు మాత్రము వేరు దారిని పట్టినవి. ఒక వ్యాపారమున అధిక భాగము వాటా కలిగి గాని, దాని నిర్వహణపై అధికారము కలిగి గాని అందే పని చేయువారిని సాధారణముగా స్వయం ఉపాధి పొందువారిగానే అవి ఎంచును. పనిపై అదుపు ఎవరిది, పనిముట్లు ఎవరివి, లాభమునకు అవకాశము ఎవరికి, నష్టపు భయము ఎవరికి అను విషయములను అధికారి విచారింపవలెను. కెనడా న్యాయస్థానములు 1986 నాటి వీబ్ డోర్ తీర్పునను, 2001 నాటి సగాజ్ తీర్పునను నిలిపిన కొలతలును ఇట్టివే.

రెండు సమాధానములు పరస్పర విరుద్ధముగా కనబడినను, రెండింటి ప్రయోజనములు వేరు. ఒకచోట ఒక వితంతువు జీవనాధారము ప్రశ్న. మరియొకచోట, ఇతరుడొకడు ఆ పనివానిని నియమించి, అదుపు చేసి, జీతమిచ్చి ఆదరించెనా యనునది ప్రశ్న. తనకు తానే సాక్ష్యము చెప్పుకొనుటకు వీలులేదను శంక ఈ నిబంధన వెనుక ఉన్నట్లు తోచును. ఆ శంక అకారణము కాదు. తన కంపెనీ తరపున తానే అనుభవ పత్రము వ్రాసికొని సంతకము చేయువాని మాటకు విలువ ఎంత?

అయినను అన్యాయమునకు తావున్నది. కొన్ని కొలువులలో పని ఇచ్చువారే కంపెనీ పెట్టుకొని రమ్మని షరతు విధింతురు. వారి కంప్యూటరుపై, వారు చెప్పిన వేళలలో, వారి మేనేజరు ఆజ్ఞపై రెండేండ్లు పని చేసిన ఇంజనీరు బిల్లు పంపినంత మాత్రమున వ్యాపారి యగునా? శ్రమను కాయకముగా భావించువారికి ఈ ప్రశ్న మనసును కలచక మానదు. చట్టము చొక్కాను గాక లోనున్న మనిషిని చూడవలెను. రుసుము పద్ధతిపై పనిచేయు వైద్యులు ఈ నిషేధము వలన వెనుకబడగా, 2023లో ప్రభుత్వము ప్రత్యేక విధానముతో వారికి మినహాయింపు నిచ్చినది. అవసరము కనబడినపుడు చట్టము వంగగలదని దీనివలన తెలియుచున్నది. వైద్యునకు దొరికిన విచారణ ఇతర పనివారికిని దొరకుట న్యాయము.

కాని చట్టము వైపు లోపమున్నదని మనుజుని బాధ్యత తొలగిపోదు. పన్నుల శాఖ ఎదుట తాను వ్యాపారినని చెప్పి ఖర్చులను తగ్గించుకొని, వలస శాఖ ఎదుట తాను ఉద్యోగినని చెప్పుట ఒకే నోటితో రెండు మాటలాడుట. పని ఇచ్చినవారిని బతిమాలి, లేని ఉద్యోగమును ఉన్నట్లు వ్రాయించుకొనుట అసత్యము. తప్పుడు వివరణ రుజువైనచో 2014 నుండి అయిదేండ్ల పాటు ఆ దేశ ప్రవేశమునకు అర్హత పోవును. ఆ దండన కంటెను, మాటపై నమ్మకము పోవుట పెద్ద నష్టము.

కావున కంపెనీని స్థాపించుటకు పూర్వమే ఆలోచింపవలెను. ఇప్పటి లాభము కొరకు ఎన్నుకొన్న పేరు రేపటి తలుపును మూయవచ్చును. అట్టి కొలువు తప్పనిసరియైనచో, ఒప్పందమును, అదుపును, పనిముట్లను గూర్చిన వాస్తవములను ఉన్నవి ఉన్నట్లు అధికారి ఎదుట పెట్టి, నిర్ణయమును అతనికి వదలుటయే మేలు. పనికి ఏ పేరు పెట్టినను దానిని చేసినవాని చెమట మారదు. ఆ చెమటకు తగిన స్థానము నిచ్చుట చట్టము ధర్మము. దానిని గూర్చి నిజము పలుకుట పనివాని ధర్మము.