గాయ మెవరిది? బాధ్యత యెవరిది?

చర్లపల్లి యనగానే కేంద్ర కారాగారము జ్ఞప్తికి వచ్చును. ఎవరు చేసిన పనికి వారే జవాబు చెప్పవలెనను న్యాయమునకు ఆ గోడలు గుర్తు. ఆ న్యాయమును మేము కాదనము. కాని ఆ గోడల కీవల, కార్మికుల వాడలలోను ఉద్యోగుల యిండ్లలోను, ఏ న్యాయస్థానమునకు నెక్కని ప్రశ్న యొకటి కలదు. చిన్ననాడు పరులు చేసిన గాయము పెద్దనాడు కోపమై బయటపడినచో ఆ దోష మెవరిది?

ఒక క్షణమున ప్రాణమిచ్చునంత ప్రేమ, మరుక్షణమున ద్వేషము, అయినవారు విడిచిపోవుదురేమో యను తీరని భయము, లోపల శూన్యత, తన దేహమును తానే గాయపరచుకొనుట. ఇట్టి లక్షణములు ఏండ్ల తరబడి నిలిచి జీవితమును చెరచినపుడు వైద్యులు దానిని బోర్డర్‌లైన్ వ్యక్తిత్వ రుగ్మత యందురు. సామాన్య మనోవ్యథకును ఉన్మాదమునకును నడిమి సరిహద్దున నున్నట్లు తోచిన రోగులకు 1938లో అడాల్ఫ్ స్టెర్న్ అను వైద్యుడు ఈ పేరు వాడెను. మన యిండ్లలో దీనికి పొగరనియు, నటన యనియు, గయ్యాళితన మనియు పేర్లు.

ఇట్టి రోగులలో పెక్కుమంది బాల్యమున దెబ్బలనో, లైంగిక హింసనో, ఇంటిలోని కొట్లాటలనో చవిచూచినవారని 1989లో జుడిత్ హెర్మన్, ఆమె తోడి పరిశోధకులు ప్రకటించిరి. ఇది పరదేశపు మాట యని తోసివేయరాదు. ఆంధ్రప్రదేశముతో గూడ 13 రాష్ట్రములలో విచారించి కేంద్రప్రభుత్వము 2007లో ప్రకటించిన నివేదికలో, ప్రతి ముగ్గురు బాలలలో ఇద్దరు దెబ్బలు తినినవారే. "దండం దశగుణం భవేత్" అని జపించు మనకు ఇందు వింత యేమున్నది? 2009 నాటి విద్యాహక్కు చట్టము బడిలో బెత్తమును నిషేధించెను. ఇంటిలోని చేతి నెవరు ఆపుదురు?

అట్లని తల్లిదండ్రులనే బోనులో నిలుపుటయు న్యాయము కాదు. దెబ్బలు తినిన ప్రతి బిడ్డయు రోగి కాదు. ప్రతి రోగియు దెబ్బలు తినియుండడు. కొందరి మనస్సు పుట్టుకతోనే సుకుమారము. అట్టి బిడ్డ యేడ్చినపుడెల్ల "ఇంతదాని కేడ్పా?" యని ఈసడించినచో, ఆ మనస్సు తన్ను తాను ఊరడించుకొను విద్య నేర్వజాలదని మార్షా లీనెహాన్ సిద్ధాంతము. ఆమె 1993లో గ్రంథరూపమున ప్రకటించిన చికిత్స రోగికి రెండు మాటలు చెప్పును: నీ బాధ నిజము; నీ నడవడి మార్చుకొనదగినది. తానును పదునేడవ యేట ఇట్టి వేదనతోనే వైద్యశాల చేరితినని ఆమె 2011లో బహిరంగముగా చెప్పెను.

మా ప్రశ్నకు సమాధానము ఆ రెండు మాటలలోనే కలదు. గాయమునకు రోగి బాధ్యుడు కాడు; దానిని మాన్పుకొను యత్నమునకు బాధ్యుడు. ఆ యత్నమునకు తోడుపడుట ఇంటివారి ధర్మము. చికిత్సతో, కాలక్రమమున, పెక్కుమంది కోలుకొనుచున్నారు. కాని నగరమున ఎఱ్ఱగడ్డ పేరు నేటికిని తిట్టుగానే చెల్లుచున్నది. అచ్చట నున్నది వైద్యశాల యని మఱచితిమి.

ఆత్మహత్యకు యత్నించినవారిని తీవ్రమైన ఒత్తిడికి లోనైనవారిగా నెంచవలెనే కాని శిక్షింపరాదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము చెప్పుచున్నది. చదువరులారా, చట్టమే మెత్తబడినది. మన యిల్లు మెత్తబడదా?